పెనం సైటు

రండర్రా, ఆ చాప ఇటు లాగండి. ఒరేయ్ బుజ్జీ, ఆ పాదు మీద చెయ్యి వెయ్యకు, అది విత్తనానికి వదిలిన బీరకాయ.

ఈ పాదు చూస్తే నాకు మీ హైదరాబాదు అన్నయ్య వెబ్‌సైటు గుర్తొస్తుంది. దేని మీద పెట్టాడనుకున్నారు? ఇనుప దోసెల పెనం! కొత్త పెనానికి దోసె అంటుకుంటే ఏం చెయ్యాలి, తుప్పు పడితే చింతపండుతో ఎలా తోమాలి, ఉల్లిపాయ చెక్కతో నూనె ఎలా రాయాలి. ముప్ఫై పేజీలు, అన్నీ మీ నాయనమ్మని అడిగి రాసుకున్నవే. "ఇంత చిన్నదానికి ఎవడొస్తాడ్రా?" అన్నాను. "సంతలో పెద్ద కొట్టు పక్కన అన్నీ పెట్టుకు కూచుంటే నన్నెవరు చూస్తారు తాతయ్యా? కవ్వాలు మాత్రమే అమ్మితే, కవ్వం కావలసినవాడు నన్నే వెతుక్కుంటూ వస్తాడు" అన్నాడు.

మరి ఆ వెతుక్కునేవాడికి దారెవరు చూపిస్తారు? మనూళ్ళో పెళ్ళికి వంటవాణ్ణి ఎలా కుదురుస్తాం? 'నా పులిహోర అమృతం' అని వాడే చెప్పుకుంటే వినం. పదిమందినీ అడుగుతాం. అందులోనూ కరణంగారి మాటకి బరువెక్కువ. ఆయన ఒక్కడి పేరే చెబితే ఆ బరువంతా వాడిదే. యాభైమంది పేర్లు చెబితే యాభై వాటాలైపోతుంది. స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే కుర్రాళ్ళు ఇదే లెక్క వేశారు. ఒక పేజీ ఇంకో పేజీకి లింకు ఇస్తే అది ఒక సిఫార్సు. 1998లో ఆ లెక్కతోనే గూగుల్ కంపెనీ పెట్టారు.

కరణంగారు గొప్పవాడని ఎవరు చెప్పారూ అంటావా? బాగా అడిగావు చిట్టీ. ఆయన గురించి చెప్పేదీ మళ్ళీ ఆ ఊళ్ళోవాళ్ళే! ముందు అందరికీ సమానంగా బరువు పంచి లెక్క మొదలెడతారు. మళ్ళీ, మళ్ళీ అదే లెక్క. చేటలో బియ్యం చెరుగుతుంటే మొదటి విసురుకి అంతా కలిసే ఉంటుంది. నాలుగు విసుర్లయ్యేసరికి ఊక అటు, నూక ఇటు. ఈ అంకెలూ అలాగే తేరుకుంటాయి. ఎంత ముచ్చటైన లెక్కో! దాన్ని పేజ్‌ర్యాంక్ అంటారు. అందులో పేజ్ ఆ లారీ ఇంటిపేరు కూడాను. ఇప్పుడు ఇంకా చాలా సంగతులు చూస్తారనుకోండి.

డబ్బిచ్చి పొగిడించుకునేవాళ్ళు ఎక్కడైనా ఉంటారుగా. పలచటి మజ్జిగలాంటి పేజీలు పోగేసినవాళ్ళని 2011లో గూగుల్ తెచ్చిన పాండా అనే మార్పు వెనక్కి నెట్టింది. కొన్న లింకులవాళ్ళని 2012లో పెంగ్విన్ పట్టుకుంది. పాండా అంటే ఎలుగుబంటి అనుకునేరు, ఆ పని చేసిన ఇంజినీరు పేరది.

డబ్బు సంగతా? 2003లో గూగుల్‌వాళ్ళ యాడ్‌సెన్స్ వచ్చింది. పేజీలో ప్రకటన పెట్టించుకుని, వచ్చినదాంట్లో నూటికి 68 వంతులు సైటువాడికి ఇచ్చేవారు. చాలా ఏళ్ళు ఇదే పంపకం. పది డాలర్లు పోగయితే ఇంటికి ఉత్తరం వస్తుంది, అందులో ఆరంకెల నంబరు ఉంటుంది, చిరునామా నిజమో కాదో చూడ్డానికి. ఇంటర్నెట్ సంపాదనకి పోస్టుమాన్ సాక్ష్యం! మనవాడికి ఆ పది డాలర్లు రావడానికి ఏడు నెలలు పట్టింది. మీ నాయనమ్మ ఆ ఉత్తరాన్ని దేవుడి గూట్లో పెట్టింది. వంద డాలర్లయితేగాని చేతికి రాదని ఆవిడకి చెప్పలేదు.

ఆ సైటు రెండేళ్ళు బాగా కాసింది. తర్వాత ఆకు పండబారింది. సైటు పేరు నిలుపుకోవడానికి ఏటా కట్టే డబ్బు కూడా గిట్టలేదు. సరే, పాదు తీసెయ్యాలి. దానికీ ఒక పద్ధతుందర్రా. మంచి పేజీలని తనదే ఇంకో వంటల సైటుకి మార్చి, పాత చిరునామాలో 301 అని పెట్టాడు. ఇల్లు మారినవాడు పోస్టాఫీసులో చెప్పి వెళ్ళినట్టు. వచ్చే మనుషులూ, పాత సిఫార్సుల బరువూ కొత్తింటికి వెళ్తాయి. పనికిరానివాటికి 410. 404 అంటే 'ఇక్కడెవరూ కనబడట్లేదండీ' అని, 410 అంటే 'ఇల్లే ఎత్తేశారండీ' అని. పేరు మాత్రం వెంటనే వదలకూడదు. ఎవరైనా కొనుక్కుని, మీ నాయనమ్మ పెనం పేరు మీద పేకాట పెట్టినా పెడతారు.

ఇదంతా విని మీ నాయనమ్మ అడిగింది ఒక్కటే: "నా ఉల్లిపాయ పేజీ ఉంచాడా?" అని.

ఉంచాడు. నిన్న నాకు చూపిస్తే చదివి వినిపించాను కూడా. చింతపండు కొలత తప్పు రాశాడని పొద్దుటి నుంచీ వాడికి ఫోన్ చేస్తోంది.