యూదుల నిత్యజీవితములో దైవసంకల్పము

శివునాజ్ఞ లేనిదే చీమయైనను కుట్టదను సామెత మన తెలుగువారిలో ఎరుగనివారుండరు. దీనికి తోబుట్టువనదగిన మాట యొకటి యూదుల తాల్మూదు గ్రంథమున గలదు. పైలోకమున నిర్ణయము కానిదే ఈ లోకమున ఎవని వ్రేలికిని చిన్న దెబ్బయైనను తగులదని రబ్బీ హనీనా అను పండితుడు పలికినట్లు అందున్నది. చీమకాటును, వ్రేలిదెబ్బయును అల్పవిషయములే. లోకములను సృజించినవాడు ఇంత చిన్న సంగతులను గూడ కనిపెట్టియుండునా? ఉండునన్నచో మానవుడు పూనుకొని చేయవలసిన పని యేమి మిగిలినది? పొరుగువాని కష్టమును చూచి, 'అది దైవనిర్ణయము' అని మనము ఊరకుండవచ్చునా? ఈ ప్రశ్నలకు యూదులు తమ యిండ్లలోను, ప్రార్థనాలయములలోను తరతరములుగా ఏ రీతిని సమాధానము వెదకుకొనిరో నేడు కొంచెము ముచ్చటించుకొందము.

ఒక్కొక్క వ్యక్తిపై, ఒక్కొక్క సంఘటనపై దైవము నిలుపు దృష్టికి హీబ్రూ భాషలో 'హష్గహా ప్రతీత్' అని పేరు. కనిపెట్టి చూచుటయని మొదటి మాటకును, విడివిడిగా అని రెండవ మాటకును అర్థము. ఇది పండితుల వాదములకే పరిమితమైన విషయము కాదు. ఆచారపరుడైన యూదుడు ఉదయమున కన్ను తెరచినంతనే, తన ప్రాణమును తిరిగి తన కప్పగించినందుకు దేవునికి కృతజ్ఞత చెప్పుకొనును. రొట్టెకు ఒక స్తుతి, పండునకు ఒకటి, ద్రాక్షారసమునకు వేరొకటి. ఉరుము వినినను, ఇంద్రధనుస్సు చూచినను వాని వానికి తగిన మాటలున్నవి. కాలకృత్యములు తీర్చుకొని వచ్చిన పిమ్మట చెప్పవలసిన స్తుతి గూడ గలదన్న మనకు వింతగా తోచవచ్చును. దేహమునందలి రంధ్రములలో ఒక్కటి మూసికొనిపోయినను, తెరువరానిది తెరచుకొన్నను మనుష్యుడు నిలువజాలడని దాని సారాంశము. రోగశయ్యపై నున్నవారికి దాని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. దినమునకు 100 స్తుతులు చెప్పుట విధియని రబ్బీ మేయిర్ వచించెను. అనగా, దైవమును అద్భుతములలో వెదకుటకు మునుపు, నిత్యము జరుగుచున్న దానియందే చూడవలెనని భావము.

మంచివార్తకే గాక దుర్వార్తకును ఒక స్తుతి యున్నది. మరణవార్త వినినపుడు దేవుని సత్యన్యాయాధిపతిగా కీర్తింపవలెనని మిష్నా గ్రంథము విధించినది. సముద్రము దాటి వచ్చినవాడు, ఎడారి గడచి వచ్చినవాడు, జబ్బునుండి కోలుకొన్నవాడు, చెర వీడినవాడు, ఈ నలుగురును సభాముఖమున కృతజ్ఞత తెలుపవలెనని తాల్మూదు చెప్పుచున్నది. ఈ కాలమున విమానమునందు సముద్రములు దాటి వచ్చినవారు గూడ పలువురు ఈ ఆచారమును పాటించుచున్నారు.

మన దేశమున, కొంకణ తీరమున స్థిరపడిన బెనె ఇస్రాయేలు యూదులలో ఈ భావము మరియొక సుందరరూపము దాల్చినది. మ్రొక్కు తీరినపుడును, ఇంట శుభకార్యము జరిగినపుడును వారు 'మలిదా' అను వేడుక జరుపుదురు. తీపి కలిపిన అటుకులు, కొబ్బరి, పండ్లు పళ్లెరమున నుంచి, ఏలీయా ప్రవక్తను స్మరించుచు, ప్రార్థనానంతరము అందరును పంచుకొని తిందురు. ఏలీయా తమ తీరమునకు వచ్చెననియు, ఆయన రథపు జాడ అలీబాగు సమీపమున ఖండాలా గ్రామమునందలి బండపై నున్నదనియు వారి విశ్వాసము.

దైవహస్తము కంటికి కానరాకయే పనిచేయుననుటకు యూదులు ముఖ్యోదాహరణముగా చెప్పుకొనునది ఎస్తేరు గ్రంథము. ఆ కథలో దేవుని పేరు ఒక్కమారైనను రాదు. హామాను అనువాడు యూదులను నిర్మూలింప చీట్లు వేసి దినము నిర్ణయించును. ఒకనాటి రాత్రి రాజునకు నిద్ర పట్టదు, రాజ్యవృత్తాంతములు చదివించుకొనును, మొర్దెకై చేసిన మేలు ఒకటి అందు బయటపడును. విడివిడిగా చూచిన ఇవి యన్నియు కాకతాళీయములే. కూర్చి చూచిన వారికి ఒక సంకల్పము కనుపట్టును. ఎస్తేరు అను పేరును హీబ్రూలో 'మరుగుపరచుట' అను అర్థమిచ్చు మాటతో తాల్మూదు పండితులు జోడించిరి. ఏటేట పూరీము పండుగనాడు ఈ గ్రంథమును ఆలయమున చదివెదరు. బీదలకు దానమిచ్చుట ఆ పండుగలో తప్పనిసరి విధి.

అయితే ఈ దృష్టి ఎంతవరకు వ్యాపించును? ఇక్కడ పెద్దలు ఏకాభిప్రాయులు కారు. 12వ శతాబ్దమున కోర్డోవాలో జన్మించి, ఈజిప్టులో వైద్యుడుగా జీవించిన మహాపండితుడు మైమోనిడీస్, 1204లో దివంగతుడయ్యెను. చెట్టునుండి ఒక ఆకు రాలుట ప్రత్యేక దైవసంకల్పము వలన కాదనియు, అట్టి దృష్టి మనుష్యులలోనే, అదియును వారి బుద్ధి దైవమును చేరుకొన్నంత మేరకే, వ్యక్తివ్యక్తికి వర్తించుననియు ఆయన తలచెను. ఇతర ప్రాణులలో జాతిరక్షణ యున్నదే గాని, ఒక్కొక్క చీమకు ఒక్కొక్క ఆజ్ఞ లేదు. 18వ శతాబ్దమున తూర్పు యూరపులో హసీదీయ భక్తిమార్గమును నెలకొల్పిన బాల్ షెమ్ టోవ్ అనుయాయులు దీనికి విరుద్ధముగా బోధించిరి. గాలికి ఆకు ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు దొరలుట గూడ దైవసంకల్పమేనని వారి మతము. ఒకే ఆకు, చూచిన చూపులు రెండు. ఇద్దరిని గూడ తమ పూజ్యులుగానే యూదులు ఎంచుచున్నారు.

సర్వము దైవాధీనమన్న వాడు చేతులు ముడుచుకొని కూర్చుండరాదా? కూడదనియే తాల్మూదు శాసించినది. నాకై అద్భుతము జరుగునని అపాయస్థలమున నిలుచుట దోషము. రోగిని బాగుచేయుటకు వైద్యునకు శాస్త్రమే అనుమతి యిచ్చినది. అన్నియు దైవము చేతిలోనివే గాని, దైవభీతి మాత్రము మనుష్యుని చేతిలోనిదని మరియొక చోట గలదు.

రబ్బీ అకీవా కథ ఒకటి యూదుల పిల్లలెల్లరును వినినదే. ఆయన ప్రయాణములో ఒక ఊరు చేరి బస అడిగెను. ఎవరును ఇయ్యరైరి. దైవము చేయునదంతయు మేలుకేయనుకొని పొలమున పరుండెను. ఆయన వెంట గాడిద, కోడి, దీపము ఉండెను. గాలి దీపమును ఆర్పెను. పిల్లి కోడిని తినెను. సింహము గాడిదను చంపెను. అంతయు మేలుకేయని ఆయన మరల అనుకొనెను. ఆ రాత్రియే సైనికులు వచ్చి ఊరివారిని చెరపట్టిరి. వెలుగును సవ్వడియును లేనందున ఆయన బ్రదికెను.

కథ వినిన పిల్లవాడెవడైనను, మరి ఊరివారి మాట యేమి యని అడుగక మానడు. అడుగవలసిన ప్రశ్నయే. దానికి జవాబు ఆ కథలో లేదు. కాని అకీవాదే మరియొక సంవాదమున్నది. మీ దేవుడు బీదలను ప్రేమించునేని వారినేల పోషింపడని రోమను అధికారి టర్నస్ రూఫస్ ఆయన నడిగెను. రాజు తన సేవకుని చెరలో నుంచి, అన్నము పెట్టవలదని ఆజ్ఞాపింపగా, పెట్టినవానిపై కోపింపడా యని వాదించెను. అందుకు అకీవా, ఆ చెరలో నున్నవాడు రాజుగారి కుమారుడైనచో, అన్నము పెట్టినవానికి రాజు బహుమానము పంపడా యని బదులు పలికెను. తన గాడిద పోయినపుడు 'మేలుకే' యన్నవాడు, పొరుగువాని ఆకలిని గూర్చి ఆ మాట అనలేదని మనము గమనింపవలెను.

ఈ భేదమే ఈ విషయమంతటికిని ఆయువుపట్టని నాకు తోచుచున్నది. వ్యాధిగ్రస్తునితోను, బిడ్డలను పోగొట్టుకొన్నవానితోను, యోబు స్నేహితులు యోబుతో పలికినట్లు పలుకరాదని తాల్మూదు నిషేధించినది. నీ పాపఫలమే యిదియనుట మాటలతో చేయు హింస. అకీవా రోమనుల చేతులలో చిత్రవధ పాలై మరణించెను. ఇదియా ఆయన విద్యకు ఫలమని మోషే దేవుని నిలదీసినట్లు ఒక గాథ గలదు. మోషేకు వివరణ దొరకలేదు. మౌనముగా నుండుమను ఆజ్ఞ మాత్రమే దొరకినది.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున నాజీలు సుమారు 60 లక్షల యూదులను హతమార్చిన పిమ్మట ఈ ప్రశ్న భరింపరాని బరువు దాల్చినది. చరిత్రను నడుపు దైవమను పాత విశ్వాసము ఇక నిలువదని రిచర్డ్ రూబెన్‌స్టైన్ 1966లో వ్రాసెను. మానవునకు స్వేచ్ఛ నిచ్చుటకై దైవము తన ముఖమును మరుగుపరచుకొనుననియు, చంపినవారు మానవులేననియు ఎలియేజర్ బెర్కోవిట్స్ 1973లో వాదించెను. బ్రదికి బయటపడినవారిలో విశ్వాసము కోల్పోయినవారును గలరు, నిలుపుకొన్నవారును గలరు. ఎవరిని తప్పుపట్టుటకును బయటివారికి అధికారము లేదు.

యూదుల ఆచారమొకటి చెప్పి ముగించెదను. మరణము సంభవించిన ఇంటివారు ఏడు దినములు దుఃఖము పాటింతురు. శ్మశానమునుండి తిరిగివచ్చిన పిమ్మట వారు తిను మొదటి భోజనము వారిది కారాదు. ఇరుగుపొరుగువారు రొట్టెయు, ఉడికించిన గ్రుడ్లును తెచ్చి పెట్టుదురు. పరామర్శకు వచ్చినవాడు, దుఃఖించువాడు నోరు విప్పువరకు తాను ముందుగా మాటాడరాదు. ఆకు ఎందులకు రాలినదో అక్కడ ఎవరును చెప్పరు. దుఃఖితుడు తన నోటితో తాను దైవమును తలచుకొనిన తలచుకొనును, లేకున్న లేదు. పొరుగువాని చేతిలో రొట్టె మాత్రము ఉండవలెను.