మధుమేహము గల వృద్ధ స్త్రీలు: మూత్రవ్యాధికి మందు ఎప్పుడు వలయును?

మన ప్రజలు చక్కెర వ్యాధియని పిలుచు మధుమేహము గల వృద్ధ స్త్రీలను తరచుగా పీడించు రుగ్మతలలో మూత్రమార్గపు ఇన్ఫెక్షను ఒకటి. సిగ్గుచేత అనేకులు దీనిని ఇంటివారికైనను చెప్పుకొనరు. బాధ ముదిరినపుడు పాత చీటీలోని మాత్రలనే మందుల దుకాణము నుండి తెప్పించుకొందురు. ఈ రెండు అలవాట్లును హానికరములే.

వ్యాధి కలుగు విధము

స్త్రీల మూత్రమార్గము పొట్టిది. మలద్వారమునకు సమీపమున నున్నది. కావున పేగులలో నివసించు ఇ. కోలై అను బాక్టీరియా మూత్రాశయమును సులభముగా చేరును. ముట్లుడిగిన పిమ్మట ఈస్ట్రోజెన్ అను హార్మోను తగ్గుటచే ఆ భాగమునకు గల సహజ రక్షణ సన్నగిల్లును. మధుమేహము చిరకాలముగా నున్నచో కొందరికి నరములు దెబ్బతిని మూత్రాశయము పూర్తిగా ఖాళీ కాదు. నిలిచిన నీట నాచు పెరిగినట్లు నిలిచిన మూత్రమున సూక్ష్మజీవులు వృద్ధి పొందును.

లక్షణములు

మూత్రము పోయునపుడు మంట, మాటిమాటికి పోవలసి వచ్చుట, పొత్తికడుపున నొప్పి మూత్రాశయమునకు వ్యాధి సోకిన గుర్తులు. చలిజ్వరము, నడుము ప్రక్కన నొప్పి, వాంతులు కనిపించినచో వ్యాధి మూత్రపిండములకు ప్రాకినదేమోయని అనుమానింపవలెను. మధుమేహము గలవారికి ఇది ప్రాణాపాయముగా పరిణమింపవచ్చును. తెల్లవారనిమ్మని ఉపేక్షింపక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

బాధ లేనిచో మందు వలయునా?

పాఠకులు ముఖ్యముగా గమనింపవలసిన విషయము ఇచట కలదు. ఏ బాధయు లేకున్నను ఇట్టి స్త్రీలలో పలువురికి మూత్రపరీక్షలో బాక్టీరియాయు, చీముకణములును కనిపించును. పరీక్షా ఫలితము చూచినంతనే యాంటీబయాటిక్ వాడవలెనా? ఈ ప్రశ్నపై కెనడా దేశమున వైద్యులు జరిపిన పరిశోధన 2002లో ప్రకటింపబడెను. మధుమేహము గలిగి, మూత్రమున బాక్టీరియా ఉండియు బాధ లేని 105 మంది స్త్రీలను రెండు వర్గములుగా చేసిరి. ఒక వర్గమునకు బాక్టీరియా కనిపించినపుడెల్ల మందు ఇచ్చిరి. రెండవ వర్గమునకు బాధ కలిగిననే తప్ప ఇయ్యలేదు. మందు వాడినవారికి తరువాత కలుగు ఇన్ఫెక్షనులు తగ్గలేదు. మందు తిన్న దినములు మాత్రము దాదాపు ఐదు రెట్లయ్యెను. మూత్రమార్గమున శస్త్రచికిత్స జరుగబోవు సందర్భము వంటివి మినహాయింపులు. తక్కిన వేళల బాధ లేని బాక్టీరియాకు చికిత్స అనవసరము. అనవసరముగా వాడిన మందునకు సూక్ష్మజీవులు అలవాటుపడును; నిజముగా అవసరమైన నాడు అది పనిచేయకపోవచ్చును.

చికిత్స

బాధ ఉన్నచో మొదటి మాత్ర మ్రింగుటకు పూర్వమే మూత్రమును కల్చర్ పరీక్షకు ఇచ్చుట మేలు. ఏ మందు పనిచేయునో దానివలన తెలియును. మూత్రాశయపు వ్యాధికి నైట్రోఫ్యూరంటాయిన్‌ను సాధారణముగా 5 దినములును, ఫాస్ఫోమైసిన్‌ను 3 గ్రాముల ఒకే మోతాదుగాను వైద్యులు ఇత్తురు. మూత్రపిండములకు ప్రాకిన వ్యాధికి ఇవి చాలవు. మూత్రపిండముల శక్తి మిక్కిలి తగ్గినవారికి నైట్రోఫ్యూరంటాయిన్ తగదు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మధుమేహపు మాత్రలు వాడువారు కోట్రైమోక్సజోల్ తీసికొన్నచో రక్తమున చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. చెమట, వణుకు, మగత దాని సూచనలు. కావున తాము వాడు మందులన్నింటిని వైద్యునకు చూపవలెను. అట్టపై నిలువు ఎఱ్ఱగీత గల మందును వైద్యుని చీటీ లేక కొనరాదని భారత ప్రభుత్వము 2016లో ప్రచారము సాగించెను.

నివారణ

మూత్రమును బిగబట్టరాదు. శుభ్రపరచుకొనునపుడు ముందునుండి వెనుకకు కడుగవలెను. గుండెజబ్బు, మూత్రపిండముల వ్యాధి లేనివారు నీరు ధారాళముగా త్రాగవలెను. చక్కెరను అదుపున నుంచుకొనవలెను. వ్యాధి పదేపదే వచ్చుచున్నచో యోనియందు పూయు ఈస్ట్రోజెన్ లేపనమును గూర్చి వైద్యుని సంప్రదింపవచ్చును.

ఇంటిలోని తల్లికి, అత్తకు, అమ్మమ్మకు ఈ బాధ చెప్పుకొను ధైర్యము కలిగించుట బిడ్డల విధి. బాధను దాచరాదు, బాధ లేనిచోట మందు వెదకరాదు.