వార్తల్లో పదం: తప్పుడు సమతూకం

హైదరాబాద్ చిల్కానగర్‌లో రోడ్డు వేశామని ఒక పార్టీ, వేయలేదని ఇంకో పార్టీ అన్నాయనుకుందాం. రెండు మాటలూ చెరి సగం అచ్చేసి చేతులు దులుపుకుంటే అది తప్పుడు సమతూకం. ఉప్పల్‌లో ఆటో ఎక్కి వెళ్లి చూస్తే తేలిపోయే విషయమది! ఆధారాలు ఒకవైపే ఉన్నా ఇద్దరికీ సమాన చోటివ్వడం నిష్పక్షపాతంగా కనిపిస్తుంది, పాఠకుణ్ని మాత్రం దారి తప్పిస్తుంది. వాతావరణ మార్పుపై అమెరికా పెద్ద పత్రికల్లో 1988-2002 మధ్య వచ్చిన కథనాల్లో ఇదే జరిగిందని 2004లో ఒక అధ్యయనం తేల్చింది.

మన దగ్గర రోగం కాస్త వేరు. 2008లో రాజకీయ నేత జగన్ ‘సాక్షి’ పత్రిక, 2011లో తెలంగాణ ఉద్యమం నడుమ ‘నమస్తే తెలంగాణ’ వచ్చాయి. ఏ పేపరు ఎవరి వైపో టీకొట్టు దగ్గర అందరికీ తెలుసు. ఆ ముద్ర తమపై పడకూడదని చానళ్లు చర్చలో పార్టీకో మనిషిని కూర్చోబెట్టి, అదే నిష్పాక్షికత అంటాయి. నిజం ఏమిటో యాంకరూ చెప్పరు.

పక్షపాతమన్న ప్రతి ఆరోపణా నిజం కాదు. బీరుట్‌లో జరిగిన పాలస్తీనా శరణార్థుల ఊచకోతపై ఒకే టీవీ వార్తలను ఇజ్రాయెల్, అరబ్బు పక్షాలవారికి చూపితే, అవి తమకే వ్యతిరేకమని ఇరువర్గాలూ అన్నాయి. 1985లో వెలువడిన స్టాన్‌ఫోర్డ్ పరిశోధన ఇది. ఆ కోపం ముదిరితే ప్రసారాలే ఆగుతాయి: 2014 జూన్‌లో శాసనసభ్యులను కించపరిచారన్న ఆరోపణపై తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ చానళ్లను నిలిపేశారు.