పార్సిలు రాకముందే సుంకం లెక్క

గల్ఫ్ నుంచి కుమారుడు పార్సిలు పంపాడంటే ఇంటిల్లిపాదికీ సంతోషమే. తీరా అది వచ్చాక కట్టవలసిన సుంకం చూసి దిగులు పడతారు. ఈ లెక్క ముందే వేసుకోవచ్చునని మేము మా విద్యార్థుల తల్లిదండ్రులకు చెబుతుంటాము.

సుంకం వస్తువు ధర మీదనే కాక, రవాణా, బీమా ఖర్చులు కలిపిన మొత్తం మీద పడుతుంది. ఆ మొత్తం 10,000 రూపాయలు, సుంకం 20 శాతం అనుకుందాం. సుంకం 2,000, ఆ సుంకంపై 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జీ 200. ఇలా పెరిగిన 12,200 మీద 18 శాతం ఐజీఎస్టీ 2,196. వెరసి పన్నులు 4,396 రూపాయలు. వస్తువును బట్టి, బడ్జెట్టును బట్టి రేట్లు మారుతాయి. లెక్కించే వరుస సాధారణంగా ఇదే.

బహుమతి అని రాస్తే సుంకం ఉండదనుకోవడం పొరపాటు. తపాలా, కొరియర్ బహుమతులకు ఆ మినహాయింపు 2019 డిసెంబరులో తొలగింది. ప్రాణరక్షక మందులకు, రాఖీలకు మాత్రమే మిగిలింది.

కొందరు బిల్లులో ధర తగ్గించి రాయిస్తారు. అది కాగితం మీది అబద్ధపు సాక్ష్యం. పట్టుబడితే సరుకు జప్తు కావచ్చు, జరిమానా పడవచ్చు. పట్టుబడకపోయినా అల్లాహ్ సన్నిధిలో ఆ లెక్క మిగిలే ఉంటుంది. కనుక అసలు బిల్లునే జతచేయమని పిల్లలకు చెప్పండి. పన్నులు కలిపిన ధరకన్నా మన బజారులోనే చౌకగా దొరికే వస్తువైతే, అంత దూరం నుంచి రప్పించకండి.