నలుగురు పక్కపక్కన కూర్చుంటే

36 మంది పిల్లల్ని ఆరు వరుసల్లో, వరుసకు ఆరుగురు చొప్పున కూర్చోబెట్టండి. నలుగురికి పసుపు చీటీ, మిగతా 32 మందికి నీలం చీటీ ఇవ్వండి. చీటీకి ఒకవైపు పసుపు, రెండోవైపు నీలం ఉంటే ఇంకా సులువు, తిప్పితే చాలు. గంట కొట్టగానే ప్రతి ఒక్కరూ ముందు, వెనక, కుడి, ఎడమ ఉన్నవారి చీటీలు చూడాలి. తన చీటీని కూడా కలుపుకుని, ఏ రంగు ఎక్కువగా ఉంటే ఆ రంగుకు మారాలి. సమానంగా వస్తే తన రంగు తనకే ఉంటుంది. అందరూ ఒకేసారి మారాలి. ఇదే ఆట.

మొదట పసుపు చీటీల పిల్లల్ని దూరదూరంగా, తలా ఒక మూల కూర్చోబెట్టండి. ఒక్క గంటకే పసుపు మాయమవుతుంది. రెండోసారి నలుగురినీ మధ్య వరుసలో, రెండు చివర్లలో ఒక్కో సీటు వదిలి, ఒకే గీతగా కూర్చోబెట్టండి. మొదటి గంటకు చివర్లలో ఉన్న ఇద్దరూ మారిపోతారు, రెండో గంటకు మిగిలిన ఇద్దరూ పోతారు. మూడోసారి తరగతి మధ్యలో ఇద్దరి వెనక ఇద్దరు, చదరంగా కూర్చోబెట్టండి. ఇక ఎన్ని గంటలు కొట్టినా పసుపు పోదు. ఒక్కొక్కరికీ పక్కన ఒకరు, ముందో వెనకో ఒకరు, తనతో కలిపి మూడు ఓట్లు. ఎదుటివి రెండే.

ఇప్పుడు ఆ చదరంలో ఒక్కరి చీటీని నీలానికి తిప్పి మళ్లీ గంట కొట్టండి. ముగ్గురిలో ఇద్దరు మారిపోయి ఒక్కరే మిగులుతారు. రెండో గంటకు ఆ ఒక్కరూ ఉండరు. నలుగురిలో ఒకరు పోతే నాలుగో వంతు నష్టం అనుకుంటాం, కానీ ఇక్కడ పోయింది మొత్తం. విద్యార్థుల సంఖ్య చాలదని సెక్షన్ ఎత్తేస్తారేమోనని ప్రతి జూన్‌లోనూ రిజిస్టరు తిరగేసే ప్రధానోపాధ్యాయులకు ఈ లెక్క కొత్తేమీ కాదు.

ఇలాంటి ఆటలు భౌతికశాస్త్రంలో నూరేళ్ల నాటివి. ఇనుము అయస్కాంతంగా ఎలా మారుతుందో తెలుసుకోవడానికి 1920లో జర్మనీకి చెందిన విల్హెల్మ్ లెంజ్ ఒక నమూనా సూచించారు. ఆయన శిష్యుడు ఎర్న్‌స్ట్ ఈజింగ్ దాన్ని లెక్కకట్టి 1925లో ప్రచురించారు. అందులో ప్రతి పరమాణువూ పైకో కిందికో చూసే చిన్న అయస్కాంతం, పక్కవాటిని బట్టి దిశ మార్చుకుంటుంది. లెక్కలేనన్ని చిన్న వాటి నుంచి ఒక పెద్ద ప్రవర్తన ఎలా పుడుతుందో చెప్పేది సాంఖ్యక భౌతికశాస్త్రం. కారణం కొంచెం మారితే ఫలితం కూడా కొంచెమే మారాలన్న పూచీ లేని చోట పనికొచ్చేది అరేఖీయ గణితం. ఈ రెండూ కలిసి బాగా పండిన చోటు లేజర్.

గడప దాటిన వెలుగు

ఒక పరమాణువును కాంతి తాకితే, అది సరిగ్గా అలాంటి కాంతినే విడుదల చేయగలదని ఐన్‌స్టీన్ 1917లోనే చూపించారు. దాన్ని పరికరంగా మార్చడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది. 1960 మే 16న కాలిఫోర్నియాలోని మాలిబులో థియోడర్ మైమన్ ఒక చిన్న కెంపు కడ్డీ చుట్టూ ఫ్లాష్ దీపం అమర్చి మొదటి లేజర్‌ను వెలిగించారు. దీపం పరమాణువులకు శక్తినిస్తుంది. రెండు చివర్లలోని అద్దాలు కాంతిని వెనక్కీ ముందుకూ తిప్పుతాయి. కొంత కాంతి అద్దాల గుండా, పక్కల నుంచి కారిపోతూనే ఉంటుంది.

దీపం బలహీనంగా ఉన్నంతసేపూ ఏ పరమాణువుకు ఆ పరమాణువే తోచినట్టు వెలుగుతుంది, మామూలు బల్బులాగా. శక్తిని కొంచెం కొంచెంగా పెంచుతూ పోతే, రాబడి పోకడను మించిన క్షణాన అన్నీ ఒకే తాళంలోకి వచ్చేస్తాయి. ఈ స్థాయిని త్రెషోల్డ్ అంటారు. మన మాటల్లో గడప. గడపకు ఇవతల పది శాతం శక్తి పెంచినా పెద్ద తేడా ఉండదు. గడప దగ్గర అదే పది శాతం అంతా మార్చేస్తుంది. దీపం ఎంత బలమైనదైనా అద్దాలు మరీ ఎక్కువగా కారిపోయేవైతే లేజర్ పుట్టదు. బడిలో తెలుగు పీరియడ్లు ఎన్ని ఉన్నాయని మాత్రమే లెక్కపెట్టే తల్లిదండ్రులు ఈ రెండో సంగతి కూడా చూడాలి. గేటు దాటాక ఎంత కారిపోతోంది?

1960లలో లేజర్ సిద్ధాంతాన్ని నిర్మించినవారిలో ముఖ్యుడు జర్మనీలోని స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన హెర్మన్ హాకెన్. లేజర్ కాంతిని పరమాణువులే పుట్టిస్తాయి, పుట్టిన కాంతి మళ్లీ ఆ పరమాణువులనే తన దారిలో నడిపిస్తుంది. దీనికి మనుషుల్లో ఉదాహరణగా ఆయన చూపింది భాషనే. పుట్టిన బిడ్డ భాషను ఎంచుకోదు, భాషే బిడ్డను కలుపుకుంటుంది. ఆ బిడ్డ పెద్దయ్యాక మాట్లాడుతుంది కాబట్టే ఆ భాష నిలుస్తుంది. అదే స్టుట్‌గార్ట్‌లో వోల్ఫ్‌గాంగ్ వైడ్లిష్ 1971లో ఈ గణితాన్ని సమాజంలో అభిప్రాయాలు రెండుగా చీలిపోయే తీరుకు వర్తింపజేశారు. లేజర్ నుంచి జనాభిప్రాయానికి బాట అక్కడ పడింది.

రెండు రెట్లు కాదు, రెండున్నర

2003లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి డేనియల్ అబ్రామ్స్, స్టీవెన్ స్ట్రోగట్జ్ 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. విషయం, భాషలు చనిపోయే తీరు. పెరూ, బొలీవియా, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్, అల్సాస్-లొరైన్‌లలోని 42 ప్రాంతాల లెక్కలు తీసుకుని ఒకే సమీకరణంతో పోల్చారు. వారి ప్రకారం ఒక భాష మనుషుల్ని లాగే బలం రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి ఆ భాష మాట్లాడేవారి వాటా, రెండోది దాని హోదా. అంటే ఉద్యోగం, చదువు, పరువు.

వాటా రెట్టింపైతే లాగే బలం రెట్టింపు కాదు. అది వాటాకు 1.31 ఘాతంగా పెరుగుతుందని తేలింది. లెక్కవేసి చూడండి, దాదాపు రెండున్నర రెట్లు. తిరగేస్తే, వాటా సగానికి పడితే బలం సగం కాదు, నూటికి నలభైకి పడుతుంది. ఘాతం ఒకటి కన్నా ఎక్కువ కాబట్టి ఈ సమీకరణంలో రెండు భాషలు స్థిరంగా కలిసి ఉండవు, ఎప్పటికో ఒకటే మిగులుతుంది. హోదాను పెంచగలిగితే పతనాన్ని నెమ్మదింపజేయవచ్చని వారే రాశారు. అందుకు కెనడాలోని క్యూబెక్‌లో ఫ్రెంచి భాషను ఉదాహరణగా చూపారు. అక్కడ చట్టం, చదువు, ప్రచారం మూడూ పనిచేశాయి.

ఈ లెక్క చదివి గుండె జారిపోనక్కర్లేదు. అందులో ఒక పెద్ద లోటుంది. అది రెండు భాషలూ వచ్చినవారిని లెక్కలోకే తీసుకోలేదు. హోసూరులోనో బళ్లారిలోనో మన పిల్లల్లో ఒక్క భాషే వచ్చినవారిని వెతికి చూడండి!

రెండు భాషలూ వచ్చినవారు

ఈ లోటును పూరించడానికి స్పెయిన్ నుంచి రెండు జవాబులొచ్చాయి. సంతియాగో దె కొంపొస్తెలా విశ్వవిద్యాలయానికి చెందిన మీరా 2005లో పరేదెస్‌తో కలిసి గలీసియన్, స్పానిష్ భాషల్ని తీసుకున్నారు. రెండూ వచ్చినవారిని ప్రత్యేక వర్గంగా లెక్కించారు. భాషలు తగినంత దగ్గరి పోలికతో ఉంటే రెండూ నిలవగలవని వారి లెక్కలో తేలింది.

రెండో జవాబు మయోర్కా దీవిలోని పాల్మా నగరం నుంచి. అక్కడ కాటలాన్, స్పానిష్ రెండూ అధికార భాషలే. అక్కడి మాక్సి సాన్ మిగెల్ మొదట లేజర్ శాస్త్రవేత్త. ఒక రకం చిన్న లేజర్లలో కాంతి కంపించే దిశ రెండు స్థితుల మధ్య ఉన్నట్టుండి ఎందుకు మారుతుందో వివరించే నమూనాను 1995లో సహచరులతో కలిసి ఇచ్చారు. తర్వాత ఆయన బృందం అదే చూపుతో భాషల్ని చూసింది. 2006లో కస్తెయో, ఎగీలుస్‌లతో కలిసి చేసిన అధ్యయనంలో ద్విభాషులు రెండు భాషల పేటల మధ్య సరిహద్దులో వరుస కట్టారు. వాళ్లు ఉన్నంత మాత్రాన చిన్న భాష నిలవలేదు. అయితే ఆ బృందం తర్వాత చేసిన పనిలో, మనుషులు బిగువైన గుంపులుగా అల్లుకుని ఉన్న చోట, గుంపుకూ గుంపుకూ మధ్య లంకెలు తక్కువగా ఉన్న చోట, చిన్న భాష చాలా చాలా కాలం నిలిచిపోయింది. మన పసుపు చదరంలాగే.

అందుకే సగటు అంకెలు నన్ను పెద్దగా భయపెట్టవు, పెద్దగా ఊరించవు కూడా. 2011 జనగణనలో కర్ణాటకలోనూ తమిళనాడులోనూ తెలుగు మాతృభాషగా రాయించుకున్నవారు నూటికి ఆరుగురికి కొంచెం తక్కువ. ఆ ఆరుగురు రాష్ట్రమంతా చల్లినట్టు ఉంటే ఒక లెక్క, సోలాపూర్‌లోని నేత కుటుంబాల పేటల్లోలాగా ఇంటి పక్కన ఇల్లుగా ఉంటే ఇంకో లెక్క. యానాం లెక్క తిరగేసి ఉంటుంది. ఊరంతా తెలుగే, కానీ పాలన నడిచేది పుదుచ్చేరి నుంచి. అక్కడ వాటాకు కొదవ లేదు, హోదా ఎక్కడ నిర్ణయమవుతుందన్నదే ప్రశ్న.

నమూనాల్లో ఇంకో లోటు కూడా చెప్పాలి. వాటిలో ఉన్నవి రెండు రంగులే. మన ఇళ్లలో మాత్రం పోటీ చాలాసార్లు తెలుగుకూ కన్నడానికీ, తెలుగుకూ ఒడియాకూ మధ్య కాదు. రెండింటినీ పక్కకు నెట్టే మూడో రంగు ఇంగ్లిష్. ఆట ఆడించే టీచర్లు ఆ మూడో చీటీని కూడా పెట్టి చూడవచ్చు, నియమాలు పిల్లలే పెట్టుకుంటారు.

పరమాణువులు సీటు మార్చుకోలేవు, బడులు మార్చగలవు. తెలుగు తీసుకున్న పది మంది పిల్లల్ని మూడు సెక్షన్లకు పంచడమా, ఒకే సెక్షన్‌లో ఉంచడమా అన్నది టైమ్‌టేబుల్ వేసే ఒక్క సాయంత్రం తేలిపోయే విషయం. చేరికల కోసం వీధులు తిరిగేటప్పుడు పది వీధుల్లో పది ఇళ్లు దొరికితే సంతోషిస్తాం. నా మట్టుకు ఒకే వీధిలో ఆరు ఇళ్లు దొరకడం మేలు. ఒకే ఆటోలో వచ్చే పిల్లలు ఏ భాషలో కొట్టుకుంటారో గమనించండి.

ఆట ఇంకొక్క ఆవృత్తి మిగిలింది. చదరంలో ఒకరు పోయి ముగ్గురు మిగిలినప్పుడు, మూలన ఉన్న పిల్లకు ఒకవైపు ఒకరు, వెనకో ముందో ఒకరు ఉంటారు. ఆ ఇద్దరి చెవిలో, ఎన్ని గంటలు కొట్టినా చీటీ తిప్పవద్దని చెప్పండి. మూలన ఉన్న మూడో పిల్లకు ఏమీ చెప్పకండి. గంటలు కొడుతూ పోండి. ఆ ఇద్దరి మధ్యా మూడో చీటీ కూడా పసుపుగానే ఉండిపోతుంది. నాలుగో సీటులోకి మళ్లీ ఒక పసుపు చీటీ వచ్చాక, ఇక మీ ఇష్టం, మారవచ్చని ఆ ఇద్దరికీ చెప్పి, మరోసారి గంట కొట్టి చూడండి. ఎవరి చీటీ తిరగదు.