పెన్‌డ్రైవును వెలికితీయు విధము

పెండ్లి ఛాయాచిత్రములు, పెద్దల కంఠధ్వనులు, పిల్లల చదువు పత్రములు నేడు వ్రేలెడంత పెన్‌డ్రైవులో నిమిడిపోవుచున్నవి. దానిని లినక్సు కంప్యూటరునుండి తీయబోవునపుడు "పరికరము పనిలో నున్నది" అని యంత్రము నిరాకరించుట కలదు. అంతట విసుగుజెంది లాగివేయుట తగదు. సోదరీమణులారా! ఆ నిరాకరణము మన సొత్తును కాపాడు హెచ్చరిక.

మనము నకలు చేసినదానిని లినక్సు వెంటనే డ్రైవుపై వ్రాయదు. మొదట తన తాత్కాలిక జ్ఞాపకమున నుంచుకొని, పిదప వ్రాయును. సాధారణపు అమరికలో నట్లు 30 సెకండ్లవరకు నుంచుకొనవచ్చును. పెద్ద చలనచిత్రములైనచో, ఆపై వ్రాతకే కొన్ని నిమిషములు పట్టును. కావున తెరపై నకలు ముగిసినట్లు కనబడినను, పని ముగిసియుండకపోవచ్చును. చిట్టాలోని పద్దు ఆవర్జాకెక్కకముందే పుస్తకమును లాగుకొన్నచో లెక్క తప్పును గదా! ఇదియు నట్టిదే.

చేయవలసిన పని యిది. మొదట డ్రైవులోనుండి తెరచిన చిత్రములను, పాటలను, పత్రములను మూసివేయవలెను. టెర్మినల్ కిటికీ ఆ డ్రైవు సంచియందే నిలిచియున్నను డ్రైవు వదలదు. దానిని గూడ మూయవలెను. పిదప వేరొక టెర్మినల్ తెరచి, ఆంగ్లమున ఎస్, వై, ఎన్, సి అను నాలుగక్షరములు కొట్టి ఎంటరు నొక్కవలెను. మిగిలిన వ్రాత ముగిసినగాని ఆ యాజ్ఞ మరలిరాదు. అంతవరకు నోర్పు వహింపవలెను.

అప్పటికిని వదలనిచో, ఎల్, ఎస్, ఓ, ఎఫ్ అను నక్షరముల ప్రక్కన డ్రైవు సంచి చిరునామా వ్రాసినయెడల, దానిని పట్టుకొనియున్న ప్రోగ్రాముల పేర్లు బయటపడును. వానిని ముగించి, దస్త్రముల కిటికీలో డ్రైవు పేరు చెంతనున్న ఎజెక్టు గుర్తును నొక్కవలెను.

కొందరు "బద్ధకపు" అన్‌మౌంటు ఆజ్ఞ వాడుదురు. అది డ్రైవు పేరును కనుమరుగు చేయునే గాని, పట్టుకొన్న ప్రోగ్రామును విడిపింపదు. కనుక దానిని నమ్మి డ్రైవును తీయరాదు. ఏ యుపాయమును పారనిచో, కంప్యూటరును క్రమముగా ఆపి, అది పూర్తిగా ఆరిన పిమ్మట తీయుట క్షేమము.

మరల తీయరాని ఛాయాచిత్రములకు వేరొక చోట నింకొక ప్రతి యుంచుట గృహిణులు మరువరాదు.