అండం ల్యాబ్‌లో ఎదిగితే...

వానాకాలంలో కైకలూరు వైపు చేపల హేచరీలకు సాయంత్రం పూట వెళితే అక్కడి హడావిడి చూడాలి. తల్లి చేపను తడి గుడ్డలో ఒడిసిపట్టి, రెక్క మొదట్లో సూది గుచ్చి హార్మోను ఎక్కిస్తారు. తెల్లారేసరికి గుడ్లు. బొచ్చె అయినా, శీలావతి అయినా చెరువు నీళ్లలో గుడ్లు కట్టుకుంటుంది గానీ ఏటి వరద తగలందే వదలదు. ఆ వరద పని ఇక్కడ సూది చేస్తుంది. 1957లో ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి ఈ కిటుకు పట్టుకోకపోతే కొల్లేరు చుట్టూ ఇన్ని చెరువులు ఉండేవి కావు.

ఏలూరు ఆర్.ఆర్.పేట నుంచి తాడేపల్లిగూడెం దాకా పిల్లల కోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగే ఆడవాళ్లకు ఇచ్చే ఇంజెక్షన్లూ ఆ జాతివే. పోలిక మొరటుగా ఉన్నా, హెచ్‌సీజీ అనే మందును చేపలకూ వాడారు, మనుషులకూ వాడతారు. టెస్ట్‌ట్యూబ్ (ఐవీఎఫ్) పద్ధతిలో ఎనిమిది నుంచి పన్నెండు రోజులు రోజూ పొట్ట మీద సూది పడాలి. మధ్యమధ్యలో స్కానింగులు, రక్తపరీక్షలు. కొన్ని మందుల్ని ఫ్రిజ్‌లో పెట్టాలి. లంక గ్రామాల కోడలికి అదో తంటా. పాల ప్యాకెట్ పక్కన ఉన్న ఆ డబ్బా ఏమిటో వారం తిరక్కుండా వీధంతా తెలిసిపోతుంది.

పీసీఓడీ ఉన్నవాళ్లకు ఇంకో గండం. వాళ్ల అండాశయాల్లో అండాలుండే చిన్న చిన్న తిత్తులు, అంటే ఫాలికల్స్, గుంపుగా ఉంటాయి. మందు పడగానే అన్నీ ఒక్కసారిగా ఉబ్బి, పొట్టలో నీరు చేరి, ఒక్కోసారి ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుంది. క్యాన్సర్ వచ్చిన అమ్మాయికైతే కీమోకి ముందు అన్ని రోజుల వ్యవధే దొరక్కపోవచ్చు. పచ్చి అండాల్నే బయటికి తీసి ల్యాబ్‌లో పండించే ఐవీఎం పద్ధతి ముఖ్యంగా ఈ ఇద్దరి కోసం. ఇందులో ఇంజెక్షన్లు అసలు ఉండవు, లేదా రెండు మూడు రోజులతో సరి.

ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాలన్నీ తయారై, సగం దారిలో ఆగిపోతాయి. ఫాలికల్‌లోని సంకేతాలే వాటిని ఆపి ఉంచుతాయి. బయటికి తీస్తే ఆ పట్టు సడలి, అండం తనంతట తానే ఎదగడం మొదలెడుతుంది. కుందేళ్లలో దీన్ని 1935లోనే గమనించారు. 1965లో శాస్త్రవేత్త రాబర్ట్ ఎడ్వర్డ్స్ మనుషుల అండాలనూ ల్యాబ్‌లో ఎదిగించి లాన్సెట్ పత్రికలో రాశాడు. 1978లో తొలి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ లూయీ బ్రౌన్ పుట్టింది కూడా సూదుల్లేకుండా సహజంగా పండిన ఒకే ఒక్క అండం నుంచి. ఈ ఇంజెక్షన్ల కోర్సులు మామూలైపోయింది ఆ తర్వాతే.

మరి ల్యాబ్ దారి ఇన్నేళ్లు ఎందుకు మూలన పడింది? అండం తొందరపడుతుంది గనక. బయటికి రాగానే కేంద్రకం ముందు పరిగెడుతుంది, చుట్టూ ఉన్న కణద్రవ్యం వెనకబడుతుంది. అలాంటి అండంతో పిండం కట్టినా చాలాసార్లు నిలదొక్కుకోదు. దీనికి విరుగుడుగా వచ్చిన ‘కాపా’ పద్ధతిలో ముందు ఒక రోజు అండాన్ని కావాలనే ఆపి ఉంచుతారు. ఆ గడువులో చుట్టూ అంటుకున్న కణాలు దానికి కావలసినవి అందిస్తాయి. తర్వాత ఇంకో ద్రావణంలోకి మార్చి ముప్పై గంటలు ఎదగనిస్తారు. అండం మిల్లీమీటరులో పదో వంతే ఉంటుంది. మైక్రోస్కోపు కింద దాని అంచున చిన్న బొడిపెలా ధ్రువకణం కనిపిస్తే పండినట్టు లెక్క.

ఫలితం? వియత్నాంలోని హోచిమిన్ సిటీలో ఫాలికల్స్ ఎక్కువున్న 546 మందిని రెండు జట్లుగా చేసి చూశారు. మొదటి పిండం ప్రవేశపెట్టాక బిడ్డ పుట్టింది ఐవీఎంలో 35.2 శాతం మందికి, మామూలు పద్ధతిలో 43.2 శాతానికి. తేడా చిన్నదేం కాదు. ఆ వివరాలు 2020లో అచ్చయ్యాయి. మరుసటి ఏడాది అమెరికా సంతాన చికిత్సా సంఘం ఐవీఎంను ప్రయోగదశ దాటిన పద్ధతిగా ఒప్పుకుంది. 2024 డిసెంబరులో పెరూలో ఇంకో అడుగు పడింది. మూలకణాల నుంచి అండాశయ సహాయక కణాల్ని తయారుచేసి, వాటి పక్కన ఎదిగించిన అండంతో ఒక బిడ్డ పుట్టింది.

మన దగ్గర ఈ ‘కాపా’ చికిత్స కావాలంటే ఇప్పటికి హైదరాబాద్ లాంటి చోటికి వెళ్లాల్సిందే. ‘సూదుల్లేని ఐవీఎఫ్’ అనే మాట మాత్రం నాకు మింగుడుపడదు. అండాల్ని తీసేది సూదితోనే, అదీ మత్తిచ్చి. ఫాలికల్స్ చిన్నవి కాబట్టి తీయడం మరింత నేర్పు పని. గర్భసంచి పొరను సిద్ధం చేయడానికి హార్మోన్లు ఎలాగూ తప్పవు. అన్నట్టు, ఇదంతా మొదలెట్టే ముందు భర్త వీర్యపరీక్ష అయిందా? తక్కువ ఖర్చుతో తేలిపోయే ఆ ఒక్క పరీక్షను వాయిదా వేసి, భార్యను ఏళ్ల తరబడి తిప్పే ఇళ్లు మన వైపు ఇంకా ఉన్నాయి.

మన దేశంలో 2021లో వచ్చిన చట్టం ప్రకారం ఈ సేవలిచ్చే ప్రతి క్లినిక్కూ రిజిస్టర్ కావాలి. భార్య వయసు 21 నుంచి 50, భర్తది 21 నుంచి 55 మధ్య ఉండాలి. ఆ రిజిస్ట్రేషన్ కాగితం చూశాక, ల్యాబ్ అక్కడే ఉందా, లేక పేషెంట్లను పెద్ద ఊరికి పంపే ఆఫీసా అన్నది కనుక్కోండి. ముప్పై గంటలు నిండేది అర్ధరాత్రయినా వచ్చి పళ్లెం తీసి చూసే ఎంబ్రియాలజిస్టు ఎవరో అడగండి. వాళ్ల చేతుల మీదుగా ఈ పద్ధతిలో పుట్టిన పిల్లలెందరో కూడా అడగండి. ‘పాజిటివ్ వచ్చినవాళ్లు ఇంతమంది’ అని జవాబొస్తే, పుట్టినవాళ్ల లెక్క మళ్లీ అడగండి.